రాగిజావ మంచిదే, మాత్రలు ఎందుకు మానాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా అమ్మకు పదేళ్లుగా షుగర్. మొన్న వేసవిలో ఫోన్‌కు ఎవరో పంపిన వీడియో చూసి మాత్రలు మానేసింది. నలభై రోజులు రెండు పూటలా రాగిజావ తాగితే షుగర్ పూర్తిగా పోతుందని తెల్లకోటు వేసుకున్న ఒకాయన అందులో చెప్పాడు. మూడు వారాలకే అమ్మ నీరసించి పడిపోతే అనంతపురం తీసుకొచ్చాం. పరగడుపున చూస్తే 340. "లక్షల మంది జూసినారు గదా, అబద్ధమెట్లయితాది?" అని ఆసుపత్రి మంచం మీద కూడా అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇంటికొచ్చాక ఆ వీడియో మళ్లీ కూర్చుని చూశాను.

రాగుల్లో కాల్షియం ఎక్కువన్నది నిజం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగులకు 364 మిల్లీగ్రాములని ఉంది. తెల్లబియ్యానికి పది కూడా లేదు. అదే పట్టికలో, ఆ 100 గ్రాముల్లో 67 గ్రాముల దాకా పిండిపదార్థమేనని కూడా ఉంది. ఒంట్లో చక్కెరగా మారేది అదే. పైగా మెత్తటి పిండితో పలచగా కాచిన జావ గింజ కన్నా త్వరగా అరుగుతుంది. వీడియోలో మొదటి సంగతి చెప్పి రెండోది వదిలేశారు. ఎంత పిండి, ఎవరికి, మాత్రలు వాడేవాళ్లు ఏం చేయాలి, ఏదీ లేదు. చివర్లో మాత్రం వాళ్ల పిండి ప్యాకెట్ కొనడానికి ఫోన్ నంబరు ఉంది! ప్యాకెట్ మీది 14 అంకెల లైసెన్సు నంబరు చూపించి, ప్రభుత్వమే ఒప్పుకుందన్నారు. ఆ నంబరు తిండి సరుకు అమ్ముకోవడానికి ఇచ్చేది, షుగర్ పోతుందన్న మాటకు కాదు.

సంగటి తిని పెరిగిన జిల్లా మనది. రాగులను చెడ్డవనడానికి నాకు నోరాడదు. అమ్మ ఇప్పుడూ తింటోంది, డాక్టరు చెప్పినంత, మాత్రలు వేసుకుంటూ. తాతలనాటి తిండి పేరు చెప్పుకుని వచ్చేసరికి మా ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు, నాతో సహా. నాకు బాధంతా అదే.

మీకొక విన్నపం. ఊళ్లలో ఇలా తిరుగుతున్న మాట ఒకటి వారానికోసారి తీసుకుని, పెద్దాసుపత్రి డాక్టరుతోనో పోషకాహారం చదివినవాళ్లతోనో సరిచూపించి జిల్లా పేజీలో వేయండి. పత్రికలో వచ్చే ఆరోగ్య చిట్కాల కింద కూడా అవి ఎవరు చెప్పారో, వాళ్లేం చదివారో వేయండి. చాలాసార్లు ఉండటం లేదు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మా అమ్మ లాంటివాళ్లు తామే చదువుకుంటారు.

— ఒక పాఠకురాలు, అనంతపురం