రొయ్యల రైతుల సంఘం వార్షిక నివేదిక 2024–25

ఇందుకూరుపేట మండల సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పట్టుబట్టి చేసిన పని గుంటల మీద కరెంటు ఖర్చు తగ్గించడం. మేత ధర, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర మన చేతిలో లేవు. ఏరియేటరు (నీళ్లు చిమ్మి ఆక్సిజన్ ఎక్కించే చక్రం) ఎప్పుడు తిప్పాలి, ఏ మోటారుతో తిప్పాలి అన్నవి మన చేతిలోవే.

సంఘం డబ్బుతో రెండు డీవో మీటర్లు కొన్నాం. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉందో ఇవి చూపిస్తాయి. మైపాడు వైపు ఒక సభ్యుడి గుంట గట్టు మీద రాత్రంతా కూర్చుని చూశాం. మధ్యాహ్నం మూడింటికి 9 చూపించిన మీటరు తెల్లవారుజామున నాలుగింటికి 3.1కి దిగింది. చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) లేపితే మేత వేసింది వేసినట్టే ఉంది. టార్చి వేస్తే గట్టు వారన రొయ్యలు పైకి తేలుతున్నాయి. కాపలా కుర్రాడు "ఇంకో రెండు ఏరియేటర్లు వెయ్యమంటారా అయ్యా?" అని అడిగేలోపే ఆసామి స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు.

మన ఉప్పునీరు 30 డిగ్రీల వేడిలో లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. నీళ్లలో 3 ఉంటే లోటు 4, 6 ఉంటే లోటు 1. లోటును బట్టే ఆక్సిజన్ ఎక్కుతుంది. అంటే అదే చక్రం, అదే కరెంటు, తెల్లవారుజామున నాలుగింతలు పని చేస్తాయి. మధ్యాహ్నం 9 ఉన్నప్పుడు తిప్పితే ఉన్న ఆక్సిజనే గాలిలోకి పోతుంది. నీళ్లు కలవడానికి, మురికి మధ్యకు చేరడానికి పగలు ఒకటి రెండు తిరిగితే చాలు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఈ లెక్క నమ్మకండి, పగలు కూడా మీటరు వేసి చూడాలి.

మోటార్ల సంగతి. 2 హెచ్‌పీ, అంటే 1.5 కిలోవాట్ల మోటారుకు ప్రమాణాల ప్రకారం సామర్థ్యం (ఐఈ అంటే సామర్థ్యపు తరగతి, అంకె పెరిగితే కరెంటు వృథా తగ్గుతుంది) ఐఈ1 రకంలో 77.2 శాతం, ఐఈ3లో 85.3, ఐఈ4లో 88.2. పూర్తి లోడు మీద రోజుకు 12 గంటల చొప్పున 120 రోజుల పంటకు లెక్కేస్తే, ఐఈ1 తీసి ఐఈ4 పెట్టినచోట ఒక్కో ఏరియేటరుకు దాదాపు 350 యూనిట్లు మిగులుతాయి. కాలిన మోటారును రెండోసారి, మూడోసారి వైండింగు చేయించేవాళ్లు దయచేసి ఈ లెక్క వేసుకోండి. పనితనం సరిగా లేని వైండింగుతో ఉన్న సామర్థ్యం కూడా తగ్గుతుంది.

సోలారు గురించి చాలామంది అడిగారు. మామూలు సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం పదార్థపు పొర వేసిన సోలారు సెల్‌తో చైనా కంపెనీ లాంగీ 2024లో 34.6 శాతం సామర్థ్యం సాధించింది. 2009లో జపాన్‌లో శాస్త్రవేత్త మియసాకా బృందం ప్రకటించిన తొలినాటి పెరోవ్‌స్కైట్ సెల్ 3.8 శాతమే ఇచ్చింది. పదిహేనేళ్లలో ఇంత ఎదుగుదల చూస్తే సంతోషం వేస్తుంది. కానీ ఆ పొరకు తేమ, వేడి పడవు. మన తీరంలో రెండూ ఎక్కువే. పైగా మనకు కరెంటు కావాల్సింది రాత్రి. అందుకని పలకల కోసం అప్పు చేయమని సంఘం ఇప్పుడు ఎవరికీ చెప్పదు.

బ్యాటరీ మాట వేరు. ఈ ఏడాది ఒక రాత్రి లైను పోయి, జనరేటరు స్టార్టు కాక, మన సభ్యుడి గుంట ఒకటి మొత్తం పోయింది. మూడు నెలల కష్టం ఆ గంటలోనే పోయింది. ఆ కుటుంబానికి సంఘం చేతనైనంత సాయం చేసింది. 2 హెచ్‌పీ ఏరియేటర్లు ఎనిమిది అరగంట తిరగడానికి 7 నుంచి 8 యూనిట్లు చాలు. జనరేటరు సరిచేసుకునేదాకా ఆ అరగంటే ప్రాణం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో కోబాల్టు, నికెలు ఉండవు, వేల సార్లు చార్జి చేసుకోవచ్చు. నలుగురు కలిసి ఒకటి పెట్టుకుంటామంటే వాటా సంఘం కూడా వేస్తుంది. ముందుగా ముత్తుకూరు మత్స్య కళాశాల వారి సలహా అడగాలనుకుంటున్నాం.

జమాఖర్చుల పుస్తకం సభలో ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

డీవో మీటర్లు సాయంత్రం ఆరింటికి తీసుకెళ్లి పొద్దున పదిలోపు తిరిగి ఇవ్వాలి. ఇచ్చేముందు ప్రోబును మంచినీళ్లతో కడగండి. ఉప్పు పట్టి ఒకటి ఇప్పటికే రిపేరుకు వెళ్లింది.