ముందు డ్యూటీ చార్టు అడగండి

సంపాదకులకు,

ప్రభుత్వాసుపత్రి నర్సులు రోగుల బంధువులను కసురుకుంటున్నారని, వాళ్లకు ప్రవర్తనపై శిక్షణ ఇప్పిస్తామని అధికారులు చెప్పారని గత వారం జిల్లా పేజీలో రాశారు. కసరడం తప్పే. కానీ ఆ వార్డు డ్యూటీ చార్టు కూడా అడిగి వేయాల్సింది.

భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రి జనరల్ వార్డుకి షిఫ్టులో తొమ్మిది మంది రోగులకు ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం మంది అదనం. మన దగ్గర రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా నలభై పడకలకు ఒకరో ఇద్దరో. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము పది మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి నరంలోకి రెండు నుంచి నాలుగు నిమిషాలు నెమ్మదిగా ఎక్కించాలి. కేస్‌షీట్ చూసి, కలిపి, ఇచ్చి, రాసేసరికి మనిషికి ఆరు నిమిషాలు. ఇరవై మందికి రెండు గంటలు. ఈలోగా సెలైన్ అయిపోయిందని నాలుగు వైపుల నుంచీ పిలుపులు.

ఆ 30 శాతం లేకపోవడమే అసలు జబ్బు. ఒకరు ప్రసూతి సెలవులో వెళ్తే ఆ నైట్లు మిగతావాళ్ల మీద పడతాయి, నైట్ల తర్వాత రావాల్సిన సెలవులు (నైట్ ఆఫ్‌లు) పోతాయి. ఇంటికెళ్తే పిల్లల క్యారేజీలు, బట్టలు, అత్తమామల మందులు. పగటి నిద్ర ముక్కముక్కలై నాలుగైదు గంటలకు మించదు. ఇలా వారాలు గడిస్తే మొదట విసుగు, తర్వాత మతిమరుపు, ఆపైన దేనికీ మనసు చలించకపోవడం. ఏడుస్తున్న తల్లిని దాటి వెళ్లిన నర్సుది రాతిగుండె అంటారు. అదే షిఫ్టులో పోయిన బిడ్డకు గుడ్డ చుట్టిన చేతులు ఆమెవే. ఇంట్లోనూ ఇదే, పిల్లల మీద అరుపులు, భర్తతో మాటల్లేకపోవడం, పెళ్లిళ్లూ పేరంటాలూ మానేయడం. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య కళ్లు మూతలు పడుతున్నప్పుడు మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం గీతలు పెట్టిన సిరంజి చేతికొస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది.

అధికారులకు ఆకస్మిక తనిఖీలూ, మెమోలూ వచ్చు. ఖాళీలు ఎప్పుడు నింపుతారో చెప్పరు. మెమోకి భయపడి కాంట్రాక్టు నర్సు జ్వరంతోనే డ్యూటీకి వస్తుంది. మే 12న నర్సుల దినోత్సవానికి కప్పే శాలువాతో ఆమెకు నిద్ర రాదు.

వరుసగా మూడు నైట్లకు మించి వేయకండి, తర్వాత రెండు పూర్తి రోజులు వదలండి. షిఫ్టు మార్పు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరసలోనే ఉండాలి, చార్టు నెల ముందే గోడమీద పెట్టాలి. రాత్రి అరగంట నడుం వాల్చడానికి గది, ఆ అరగంట వార్డు చూడటానికి మరో నర్సు కావాలి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ 14416కి ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చేసినందుకు ఉద్యోగానికి ఏమీ కాదని సూపరింటెండెంటే చెప్పాలి. శిక్షణ కూడా పెట్టండి, నైట్ దిగిన పూట మాత్రం వద్దు.

- విశ్రాంత హెడ్ నర్సు, గుంటూరు