పార్టీ చీలినప్పుడల్లా కార్మిక సంఘం చీలాలా?
కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఒకే గనిలో ఒకే షిఫ్టు చేసేవాళ్లకు నాలుగైదు సంఘాలు ఎందుకున్నాయో తెలియాలంటే పార్టీల చరిత్ర చూడాలి. 1920లో దేశవ్యాప్త కార్మిక సంఘాల సమాఖ్యగా ఏఐటీయూసీ పుట్టింది. 1947లో కాంగ్రెస్ వాళ్లు ఐఎన్‌టీయూసీ పెట్టుకున్నారు, మరుసటి ఏడు సోషలిస్టులు హెచ్‌ఎంఎస్ పెట్టారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, సీపీఎంలుగా రెండయితే ఏఐటీయూసీ సీపీఐ వైపు ఉండిపోయింది, ఆ చీలిక 1970లో సీపీఎం వైపు సీఐటీయూ రూపంలో కార్మికుల్లోకి దిగింది. వీటిలో ఏదీ వేతనం దగ్గర వచ్చిన తగాదా కాదు.

సింగరేణినే చూడండి. 1998 నుంచి అక్కడ గుర్తింపు సంఘాన్ని, అంటే కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే సంఘాన్ని, రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు. 2011 సకల జనుల సమ్మె వేడిలో ఎదిగిన, టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) అనుబంధ సంఘం టీబీజీకేఎస్ 2012లో, 2017లో గెలిచింది. ఆ తర్వాత ఎన్నిక ఆరేళ్లకు గానీ జరగలేదు. రాష్ట్రంలో బీఆర్ఎస్ పోయి కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చిన నెలలోనే, 2023 డిసెంబర్ 27న, ఏఐటీయూసీ గెలిచింది. 11 ఏరియాల్లో 6 చోట్ల ప్రాతినిధ్యం మాత్రం ఐఎన్‌టీయూసీకి దక్కింది. కంపెనీతో ఒప్పందం చేసేది ఒకరు, ఆ ఏరియాల్లో అధికారుల ముందు కూర్చునేది ఇంకొకరు. రెండు జెండాల మధ్య కార్మికుడి అర్జీ నలుగుతోంది.

కేంద్రం తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ చిక్కును విప్పలేదు. మస్టర్ రోల్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో, 51 శాతం మద్దతున్న సంఘమే చర్చలకు వెళ్తుంది. ఎవరికీ అంత రాకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాల ప్రతినిధులతో చర్చల కౌన్సిల్ ఏర్పడుతుంది. వెయ్యి మంది ఉన్నచోట నాలుగు సంఘాలకు 360, 340, 180, 120 మంది మద్దతుందనుకుందాం. మొదటి రెండింటికే ప్రతినిధులు వస్తారు, మిగతా 300 మందికి ఎవరూ ఉండరు. ఒప్పందానికి ప్రతినిధుల్లో మెజారిటీ కావాలి. ఆ రెండు సంఘాల పార్టీలు బయట కత్తులు దూసుకుంటుంటే లోపల సంతకం పడదు. యాజమాన్యానికి అంతకంటే ఏం కావాలి?

అందుకే కొన్ని మార్పులు అడుగుతున్నాం. మద్దతు లెక్క రహస్య ఓటుతోనే తేలాలి. జీతంలో చందా కోతను బట్టి లెక్కిస్తే ఎవరు ఏ సంఘమో యాజమాన్యానికి ముందే తెలిసిపోతుంది, బదిలీ భయం మొదలవుతుంది. అధికార పార్టీ సంఘంలోకి వలసలు అలాగే మొదలవుతాయి. కాంట్రాక్టు కార్మికుల పేర్లు కాంట్రాక్టరు మస్టర్‌లో ఉంటాయి గనుక వాళ్లకు ఓటు రాదు. శాశ్వత పని చేసేవాళ్లనైనా ప్రధాన యజమాని, అంటే కాంట్రాక్టరుకు పని ఇచ్చిన కంపెనీ, జాబితాలో చేర్చాలి. కోడ్ ప్రకారం గుర్తింపు గడువు మూడేళ్లు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే అయిదేళ్లు. అది ముగిసే నాలుగు నెలల ముందే ఓటింగ్ తేదీ ప్రకటించాలి, ఆ తేదీ అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు ఆరు నెలల దూరంలో ఉండాలి. కౌన్సిల్‌లో ఓట్లు సమానంగా చీలితే, ఆ ఒప్పందం ముసాయిదాను పదిహేను రోజుల్లో కార్మికులందరి ఓటుకు పెట్టాలి.

ఇంకొకటి, మాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మంత్రులు సంఘం పదవుల్లో ఉండకూడదని చట్టం ఇప్పటికే చెబుతోంది. ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఆ నిషేధం లేదు. వాళ్లకూ వర్తింపజేయండి.

ఇట్లు,
కార్మిక సంఘాల్లో పనిచేస్తున్న కొందరం