బంకుల్లో గాలి మిషన్లు పనిచేయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన రాష్ట్రంలో 2021లో లీటరు వంద దాటిన పెట్రోలు మళ్లీ వంద కిందికి దిగలేదు. 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. తమిళనాడులో పెట్రోలు, డీజిలు రెండూ మనకంటే చౌక. ఈ తేడా తెలిసే చెన్నై వైపు పోయే లారీలు ఇక్కడ అవసరానికి సరిపడా పోయించుకుని, సరిహద్దులోని తడ దాటాక తమిళనాడులో ట్యాంకు నింపుకుంటాయి. మా నెల్లూరు జిల్లాలో కోవూరు, బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం), పొదలకూరు జనం అంత దూరం పోలేరు కదా. పన్ను తగ్గించమని చాలామంది అడుగుతున్నారు, అడగాల్సిందే. నేను రాస్తున్నది అంతకంటే చాలా చిన్న సంగతి, జిల్లా అధికారులు గట్టిగా అనుకుంటే ఇక్కడికిక్కడే తేలిపోయేది: పెట్రోలు బంకుల్లో మూలన పడి ఉన్న గాలి మిషన్ల గురించి.

బంకుకు వచ్చిన బండికి ఉచితంగా గాలి పట్టాలి, తాగునీరు, మరుగుదొడ్డి అందుబాటులో ఉంచాలి. ఇది ఆయిల్ కంపెనీలు డీలర్లకు పెట్టిన నిబంధన. జరుగుతున్నది వేరు. నేను రోజూ బుచ్చి నుంచి నెల్లూరుకు బైకు మీద వస్తాను. ఒక బంకులో గొట్టం ఉంది, దాని చివర ఉండాల్సిన పిన్ను లేదు. ఇంకోచోట అడిగితే కరెంటు లేదంటారు; పక్కనే పెట్రోలు పంపు మాత్రం చక్కగా తిరుగుతుంటుంది! మరోచోట అన్నీ ఉన్నాయి గానీ పట్టే కుర్రాడు ఉండడు. "టిఫినుకు పోయినాడన్నా, సాయంత్రం రాండి" అంటారు. సాయంత్రం పోతే ఇంకో కారణం ఉంటుంది. ఆడవాళ్లు స్కూటీ మీద వెళ్లి అడిగితే ఆ మాత్రం జవాబు కూడా రాదని మా ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.

గాలికి, పెట్రోలు ఖర్చుకు సంబంధం ఏమిటని కొందరు అడగొచ్చు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి, వేడెక్కి, బండిని వెనక్కి పట్టి లాగుతుంది. కార్ల మీద అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ ఇచ్చిన లెక్క ప్రకారం, నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ (గాలి మీటరు మీద కనిపించే ఒత్తిడి కొలత) గాలి తగ్గేకొద్దీ మైలేజీ 0.2 శాతం చొప్పున పడిపోతుంది. పది పీఎస్‌ఐ తగ్గితే రెండు శాతం, అంటే మన ధరల్లో లీటరుకు రెండు రూపాయల పైమాటే. కారు వారానికోసారి బయటికి తీసేవాళ్లకు అదో లెక్క కాదు. పొద్దస్తమానం కోవూరు, నెల్లూరు మధ్య తిరిగే ఆటో అతనికి, చెరువులకు రొయ్యల మేత తోలే వ్యానుకు, పార్సిళ్లు పట్టుకుని వీధులన్నీ చుట్టే డెలివరీ కుర్రాడికి అది నెలాఖరులో బాగానే తెలుస్తుంది. పైగా టైరు అంచులు ముందే అరిగిపోతాయి. రోహిణి కార్తె ఎండలో హైవే మీద లోడుతో పోయే బండికి గాలి తక్కువైతే టైరు పేలే ప్రమాదం కూడా ఉంది.

మనలోనూ లోపం ఉంది. పెట్రోలు ఆదా అంటే వంద రూపాయలకు కొట్టిస్తే మోసం చేస్తారు, 105కు కొట్టించమని ఒకరు, తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే ఎక్కువ వస్తుందని ఇంకొకరు వాట్సాప్‌లో పంపుతారు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. పొద్దునకీ మధ్యాహ్నానికీ అందులో వేడి పెద్దగా మారదు. తెల్లవారుజామున బంకుకు పోతే నిజంగా కలిసొచ్చేది గాలి దగ్గరే. బండి మీద స్టిక్కరులో రాసిన గాలి లెక్క చల్లటి టైరుకు సంబంధించింది. పది కిలోమీటర్లు ఎండలో వచ్చాక చూస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందనుకుని వెళ్లిపోతాం. పంక్చర్ షాపులు తెరిచేసరికి తొమ్మిదవుతుంది. వాళ్లు తీసుకునే ఐదో పదో రూపాయల మీద నాకేం కోపం లేదు, అది వాళ్ల బతుకుదెరువు. పొద్దున్నే తెరిచి ఉండేది మాత్రం బంకే.

కొన్నిచోట్ల మామూలు గాలి మిషన్ చెడిపోయి ఉంటుంది, నైట్రోజన్ మిషన్ మాత్రం డబ్బులకు భేషుగ్గా పనిచేస్తుంది. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కావాలనుకున్నవాళ్లు కొనుక్కోవచ్చు గానీ, ఉచితంగా ఇవ్వాల్సింది మూలన పడేసి ఇది అమ్మడం ఏం న్యాయం?

పౌరసరఫరాల శాఖవాళ్లు, తూనికలు కొలతల శాఖవాళ్లు, కంపెనీల సేల్స్ అధికారులు బంకులకు తనిఖీకి వెళ్తూనే ఉంటారు. వెళ్లినప్పుడు గాలి గొట్టం కూడా ఒకసారి చేత్తో పట్టుకుని చూడమని, మీటరు సరిగ్గా చూపుతోందో లేదో పరీక్షించమని కలెక్టరు గారు ఆదేశిస్తే బాగుంటుంది. మిషన్ చెడిపోతే ఎప్పటిలోగా బాగుచేస్తారో తేదీ రాసి బోర్డు పెట్టాలి. గాలి పట్టే కుర్రాడికి బంకువాళ్లే జీతం ఇవ్వాలి, అతను మన పది రూపాయల కోసం ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు. పాఠకులు కూడా గాలి లేదని చెప్పిన చోట ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి. పుస్తకం ఇవ్వకపోతే, బంకులో బోర్డు మీద రాసి ఉండే కంపెనీ అధికారి నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేయండి.

ఒక పాఠకుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా.