గవ్వ, బొబ్బట్టు క్షేమం: డిసెంబరు వార్తాలేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం మూడో తరగతి గదిలో గవ్వ, బొబ్బట్టు అనే మా గినీ పిగ్‌ల పంజరం కనబడక పిల్లలు బెంగపడ్డారు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో అవి చచ్చిపోయాయని, అమ్మేశామని, పాము మింగిందని తలో కబురు తిరిగింది. గవ్వ, బొబ్బట్టు రెండూ క్షేమంగా ఉన్నాయి. ఆటస్థలం పక్కన కానుగ చెట్టు కింద కొత్త గూడు కట్టించాం, అంతే. ఎవరైనా ఆఫీసుకు ఒక్క ఫోను చేసి ఉంటే అంతమంది పిల్లలు ఆ రాత్రి ఏడుస్తూ పడుకునేవారు కాదు.

ఎండుగడ్డి దుమ్ముకు కొందరు పిల్లలకు తుమ్ములు ఆగడం లేదు. గదిలో గోలకు అవి కూడా రోజంతా మూల నక్కి ఉంటున్నాయి. అందుకే మార్చాం. ‘విశాఖ ఉక్కపోతకు బయట బతుకుతాయా?’ అని ఒక తల్లి అడిగారు. అడగవలసిన ప్రశ్నే. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. మనలా వీటికి చెమట పట్టదు. 26 డిగ్రీలు దాటితే అవస్థ మొదలవుతుంది, దానికి తేమ తోడైతే వడదెబ్బకు ప్రాణమే పోవచ్చు. కనుక బయట ఉంచేది ఈ చలి నెలల్లోనే, అదీ ఉదయం, సాయంత్రం మాత్రమే. మధ్యాహ్నం, రాత్రి ల్యాబ్ పక్క గదిలో ఉంటాయి. అలవాటు పడేందుకు ఇప్పుడు పొద్దున ఒక్క గంటే బయట ఉంచుతున్నాం, మెల్లగా పెంచుతాం. ఫిబ్రవరిలో ఎండ ముదరగానే పూర్తిగా లోపలికే.

గూడు గురించి చెప్పాలంటే మా ఏడో తరగతి అమ్మాయి గురించే చెప్పాలి. మేస్త్రీ కోళ్ల గూటికి వేసే వల తెచ్చారు. ఆ పిల్ల కంతలో రెండు వేళ్లు దూర్చి, ‘ఇందులో పాము తల దూరదా, మేస్త్రీగారూ?’ అని అడిగింది. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లి అరంగుళం కంతల గట్టి ఇనుప వల (వెల్డ్ మెష్) తెచ్చారు. నేల కూడా తీగ వల కాదు, చెక్కే. తీగ మీద నిలబడితే వాటి పాదాలు పుండ్లు పడతాయని ఆ అమ్మాయి బృందమే పట్టుబట్టింది. తేమ ఎక్కకుండా గూటిని కాళ్ల మీద ఎత్తులో నిలిపాం. రేకు వేస్తే లోపల పొయ్యిలా కాలుతుందని పైన తాటాకు కప్పించాం. ఉప్పుగాలికి వల తుప్పు పడుతుంది కాబట్టి ప్రతి శుక్రవారం అంచులన్నీ తడిమి చూసే పని ఐదో తరగతి అబ్బాయిలిద్దరు తీసుకున్నారు. ఈ పిల్లల్ని చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో!

ఇక ఆ చెట్టు. పార్కింగ్‌కు అడ్డంగా ఉంది, కొట్టించమని మూడు వినతులు నా బల్ల మీద ఉన్నాయి. కొట్టించను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి పచ్చదనాన్ని ఒక్క రోజులో ఊడ్చేసింది. వీధుల్లో అడ్డంగా పడిన చెట్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాత అప్పటి విద్యార్థులు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచిన కానుగ ఇది. ఈ రోజు ఆ గూటికి నీడ దానిదే, ఆటల పీరియడ్‌లో మీ పిల్లలకు నీడా దానిదే. కారు రెండు వీధుల అవతల ఆపి నడిచి రావచ్చు. నీడ ఇచ్చేంత చెట్టు కావాలంటే ఏళ్లు పడుతుంది.



మరొక మనవి. సాయంత్రం పిల్లల కోసం వచ్చిన పెద్దలు బిస్కెట్లు, చిప్స్, ఇడ్లీ ముక్కలు వలలోంచి వేస్తున్నారు. ప్రేమతోనే అని నాకు తెలుసు, అయినా దయచేసి మానండి. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. విటమిన్ సి మనలాగే వాటి ఒంట్లోనూ తయారు కాదు. అందుకే క్యాప్సికమ్, కొత్తిమీర, జామ ముక్క పెడతాం. ఏదైనా ఇవ్వాలనిపిస్తే మందు కొట్టని చోట కోసిన గరిక కడిగి పంపండి. అవే చిప్స్ మీ పిల్లల లంచ్ బాక్సుల్లోనూ రోజూ కనిపిస్తున్నాయని టీచర్లు చెబుతున్నారు, అది కూడా గమనించండి.

గత నెల గేటు దగ్గర ఎవరో అట్టపెట్టెలో ఒంటరి గినీ పిగ్‌ను వదిలి వెళ్లారు. పుట్టినరోజు కానుకగా కొని, మోజు తీరాక వదిలేయడానికి అది బొమ్మ కాదు. జంట లేనిదే కుంగిపోయే ప్రాణి. పెంచలేకపోతే నాతో నేరుగా మాట్లాడండి, నేను కోప్పడను.

సంక్రాంతి సెలవుల్లో గడ్డి, నీళ్లు మార్చడానికి రోజుకొక కుటుంబం కావాలి. పేర్లు ఈ శనివారంలోగా ఆఫీసులో రాయించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు