సీనియర్లను సాగనంపడం తప్పు కాదు

సంపాదకులకు నమస్కారం. మాది అమలాపురం. మా అబ్బాయి బోస్టన్ వెళ్లాక నాకూ ఐస్ హాకీ పిచ్చి పట్టింది. సీనియర్లను వేరే జట్టుకి ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకుంటే ద్రోహం అంటారు గానీ, నేనొప్పుకోను. 2000 మార్చిలో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు, ఇరవై ఏళ్లు తమకే ఆడిన రే బోర్క్‌ను కొలరాడో జట్టుకి పంపింది, 2001లో అక్కడ ఆయన స్టాన్లీ కప్, అంటే అమెరికా, కెనడా జట్లాడే ఐస్ హాకీ లీగ్ విజేత కప్పు, గెలిచాడు. కొలరాడో కెప్టెన్ జో సాకిక్ కప్పు అందుకుని, తాను ఎత్తకుండా నేరుగా ఆయన చేతుల్లో పెట్టాడు చూడండి, ఆ వీడియోకి ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

మా కొబ్బరితోటల్లో ముసలి చెట్టు కాపు ఇస్తుండగానే పక్కన మొక్క నాటుతాం. జట్టైనా అంతే, సీనియర్‌కు గిరాకీ ఉండగానే, ముందు ఆయన్ని అడిగి బేరం మాట్లాడాలి. మీ క్రీడల పేజీలో క్రికెట్ పక్కన ఇలాంటి హాకీ కబుర్లకూ కాస్త చోటివ్వండి.

– ఒక పాఠకుడు, అమలాపురం