పొత్తికడుపు నొప్పికి కారణం సిరలు కూడా కావచ్చు

సంపాదకులకు నమస్కారం. మీ ఆరోగ్యం పేజీలో గర్భాశయం, అండాశయాల గురించి చాలాసార్లు రాశారు గానీ వాటి చుట్టూ వలలా అల్లుకున్న సిరల గురించి ఒక్కసారీ చదవలేదు. మా అక్కకు మూడో కాన్పు తర్వాత పొత్తికడుపులో బరువు, లాగుడు మొదలయ్యాయి. పొద్దున లేచేసరికి బాగానే ఉండేది, సాయంత్రం దాకా నిలబడి పనిచేస్తే మాత్రం గోడకు చేయి ఆనించి నిలబడేది, పడుకుంటే తగ్గేది. రిపోర్టులు నార్మల్, టెన్షన్ తగ్గించుకోమన్నారు. అంతే.

నాలుగేళ్లకు తెలిసింది, అండాశయ సిర ఉబ్బిందని. కుడి అండాశయ సిర నేరుగా గుండెకు రక్తం చేర్చే పెద్ద సిరలో కలుస్తుంది, ఎడమది మాత్రం పైకి వెళ్లి ఎడమ కిడ్నీ సిరలో దాదాపు నిలువుగా కలుస్తుంది, అందుకే ఈ ఇబ్బంది ఎడమవైపే ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు ఈ సిరలు బాగా సాగుతాయి, లోపలి కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి కిందే నిలిచిపోతుంది. కాళ్లలో వెరికోస్ వెయిన్స్ లాంటిదే, కాకపోతే ఇది బయటికి కనపడదు. పడుకోబెట్టి తీసే మామూలు స్కాన్‌లో తప్పిపోవచ్చు కూడా! రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ పరీక్ష, ఉబ్బిన సిరను లోపలే మూసేసే చికిత్స ఉన్నాయి. దయచేసి దీనిమీద బొమ్మతో సహా ఒక వ్యాసం వేయండి.

– ఒక పాఠకురాలు